క్రీము రాసే ముందు ఒక్క ఫోటో

(మే 10, ప్రపంచ లూపస్ దినం సాయంత్రం విజయనగరంలో ఒక కీళ్లవాతం డాక్టరు పేషెంట్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు, నర్సులు, ఆశా కార్యకర్తల ముందు మాట్లాడినదానికి రాత రూపం. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారమండి. వెనకున్నవాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను చప్పుడు చేస్తోంది, ఆపితే మీరే నన్ను తిడతారు, కాబట్టి నేనే కాస్త గట్టిగా మాట్లాడతాను.

ఈ మీటింగు ముందు పొద్దున పదకొండింటికి అనుకున్నారు. మే నెల, పొద్దున పదకొండు, వచ్చేవాళ్లలో సగంమంది లూపస్ ఉన్నవాళ్లు. ఎండ పడని జబ్బు గురించి చెప్తాం రండమ్మా అని మిమ్మల్ని ఎండలో నడిపించడం ఏం తెలివండీ అని గొడవపెట్టి సాయంత్రానికి మార్పించాను.

నేను చూసేది కీళ్లవాతం జబ్బులు. అయినా ఇవాళ కీళ్ల సంగతి పెద్దగా ఎత్తను, చర్మం గురించే చెప్తాను. ఎందుకంటే మోకాలు నొప్పి పుడితే ఎవరో ఒక డాక్టరు దగ్గరికి వెళ్తారు గానీ మొహం మీద మచ్చ లేస్తే వెళ్లరు. ముందు అమ్మమ్మ చూసి పసుపు రాయమంటుంది, తర్వాత పక్కింటావిడ ఒక సలహా, తర్వాత మందుల షాపు అబ్బాయి ఒక ట్యూబు, ఆ తర్వాత బ్యూటీ పార్లరు, ఇలా ఏడాది తిరిగి, కాళ్లు వాచి, మూత్రంలో నురగ కనబడ్డాక అప్పుడు నా గది దాకా వస్తారు. వచ్చేసరికి మొహం మీద ఆ మచ్చ ఉండదు, రకరకాల క్రీములు పడి పోయి ఉంటుంది, లేదంటే దాని రూపే మారిపోయి ఉంటుంది. "మొదట్లో ఎలా ఉండేదమ్మా?" అంటే "ఎర్రగా ఉండేది మేడం" అంటారు. ఎర్రగా ఉండేది అంటే నాకేం తెలుస్తుంది చెప్పండి?

అందుకే ముందే అడిగేస్తున్నాను. ఏ మచ్చ వచ్చినా సరే, దాని మీద ఏదైనా రాసే ముందు ఫోన్లో ఫోటో తీయండి. కిటికీ దగ్గర, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఆ బ్యూటీ మోడ్ తీసేసి. ఒకటి దూరం నుంచి, అది ఒంటి మీద ఎక్కడుందో తెలిసేలా, ఒకటి దగ్గర నుంచి. తేదీ ఫోనే వేసుకుంటుంది. మొన్న ఒకమ్మాయి ఫోటో చూపించింది, మొహం పాలమీగడలా ఉంది. మచ్చ ఏదమ్మా అంటే ఫిల్టర్లో పోయింది మేడం అంది. (నవ్వులు)

జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఒంటికి కాపలా కాయాల్సిన రక్షణ వ్యవస్థ, ఇంటి కుక్క ఇంట్లోవాళ్లనే కరిచినట్టు, మన మీదే పడుతుంది. దాన్నే ఆటోఇమ్యూన్ అంటాం. లూపస్, చర్మం, కండరాలు దెబ్బతినే డెర్మటోమయోసైటిస్, చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా, కళ్లు, నోరు ఎండిపోయే షోగ్రెన్, రక్తనాళాలు వాచే వాస్కులైటిస్ ఇవన్నీ ఆ కుటుంబంలోవే, పిల్లలనీ పెద్దలనీ చూడవు. ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను, ఇవి అంటువ్యాధులు కావు. మచ్చ చూసి కోడలికి కంచం, గ్లాసు వేరు పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. అంటదండీ. ఒకే కంచంలో తిన్నా అంటదు.

ఇక నా పద్ధతి చెప్తాను. మచ్చ ఎలా ఉంది అన్నదాని కన్నా, ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్నది నాకు ఎక్కువ చెప్తుంది. ఆ "ఎక్కడ లేదు" అన్నదే ఎవరూ చూడరు.

లూపస్ తీసుకోండి. లాటిన్‌లో ఆ మాటకి తోడేలు అని అర్థం, మొహాన్ని తోడేలు కరిచినట్టు ఉంటుందని పూర్వం యూరప్ వైద్యులు పెట్టిన పేరు. 1872లో వియన్నాలో కపోసీ అనే ఆయన, ఇది చర్మంతో ఆగదు, ఒంట్లోకి కూడా పోతుంది అని రాశాడు. ఆయన చర్మం డాక్టరే. అంటే ఈ సంగతి ముందు పట్టుకున్నది చర్మం చూసేవాళ్లు, మేం తర్వాత వచ్చి మా జబ్బు అని పేరు రాసుకున్నాం. ఈ జబ్బు వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే, అదీ పిల్లల్ని కనే వయసులో.

లూపస్ మచ్చ రెండు బుగ్గల మీద, ముక్కు దూలం మీద సీతాకోకచిలుక రెక్కలు చాపినట్టు పరుచుకుంటుంది, ఇది మీరు చాలాసార్లు విని ఉంటారు. వినని సంగతి ఏమిటంటే, ముక్కు పక్కనుంచి పెదవి చివరికి దిగే గీత ఉంటుంది చూడండి, నవ్వితే లోతుగా పడుతుంది, ఆ గీతలోకి ఇది దిగదు. అక్కడ చర్మం మామూలుగానే ఉంటుంది. ఆ మడత నీడలో ఉంటుంది కాబట్టి ఎండ దెబ్బ తగలదని మేం అనుకుంటాం. అదే తలలో చుండ్రు ఎక్కువున్నవాళ్లకి మొహం మీద రేగే జిడ్డు పొట్టు అయితే సరిగ్గా ఆ గీతలోనే, కనుబొమల్లోనే తిష్ట వేస్తుంది. మంగు మచ్చ ఇంకో రకం, నెలలు గడిచినా కదలదు, మండదు, దురద పెట్టదు, నుదుటి మీద, పై పెదవి మీద కూడా గోధుమ రంగులో పడుతుంది.

రంగు గురించి ఒక మాట. మేం చదివిన పుస్తకాల్లో బొమ్మలు దాదాపు అన్నీ తెల్లవాళ్లవే. అందులో లూపస్ గులాబీ రంగులో ఉంటుంది. మన చాయ మీద గులాబీ రంగు ఎక్కడ కనపడుతుందండీ? కందిపోయినట్టో, నేరేడు పండు రంగులోనో, కొందరికి ఉత్తినే నల్లబడినట్టో ఉంటుంది. "ఎండకి నల్లబడ్డానండీ" అని వాళ్లే తేల్చేసుకుంటారు. కాబట్టి రంగు చూడటం కాదు, వేలి వెనక భాగంతో తాకి చూడండి, పక్క చర్మం కన్నా వెచ్చగా ఉందా, కొంచెం ఉబ్బుగా ఉందా అని.

మన పల్లెల్లో దీన్ని ఎక్కువగా దేనితో పొరబడతారో తెలుసా? వయ్యారిభామతో. నవ్వకండి, మొక్క సంగతి చెప్తున్నాను. కాంగ్రెస్ గడ్డి అంటారు, 1950ల్లో పుణె దగ్గర మొదట కనబడి ఇప్పుడు దేశమంతా పొలం గట్టు పట్టుకుంది. దాని పొడి గాలిలో ఎగిరి మొహం మీద పడి రేగుతుంది. అదీ ఎండలో తిరిగేవాళ్లకే వస్తుంది, అదీ మొహం మీదే, మెడ కిందే. ఎలా విడదీస్తాం? చెవి వెనక చూస్తాం. గడ్డం కింద చూస్తాం, పై రెప్ప మడతలో, మోచేతి మడతలో చూస్తాం. ఎండ చేరని చోటికి గాలి చేరుతుంది కదా. చెవి వెనక కూడా రేగితే గాలిలో వచ్చిందే, చెవి వెనక శుభ్రంగా ఉండి ఎండ తగిలే చోటే రేగితే ఎండదే. ఈ ఒక్క చూపుకి మిషను అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, ఆశా అక్కలు మీరే చూడగలరు.

చికెన్‌గున్యా ఇంకోటి. 2005-06లో మన రాష్ట్రాన్ని ఊపేసింది గుర్తుందా? అది తగ్గాక కొందరికి ముక్కు మీద నల్లటి మచ్చ మిగులుతుంది, కీళ్ల నొప్పులు నెలల తరబడి ఉంటాయి. కీళ్ల నొప్పి ప్లస్ మొహం మీద మచ్చ, ఇంకేముంది లూపస్ అనేస్తారు. ముందు జ్వరం వచ్చిందా, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని అడిగితే సగం సందేహం తీరుతుంది.

ఇప్పుడు కొంచెం కోపంగా మాట్లాడతాను, ఏమనుకోకండి. మందుల షాపులో అమ్మే ఆ తెల్లబడే క్రీములు. చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన వారంలో మొహం మెరుస్తుంది, అందరూ బాగుందంటారు, ట్యూబు అయిపోతే ఇంకోటి కొంటారు. 2018లో కేంద్రం ఈ స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి తెచ్చింది. తెచ్చి ఏం లాభం, ఇప్పుడు బయటికెళ్లి అడగండి, చీటీ అడిగితే నాకు ఫోన్ చేసి చెప్పండి. నెలల తరబడి రాశాక మానేస్తే మొహం మంటెత్తుతుంది, రెండు బుగ్గలూ ఎర్రగా కందిపోతాయి, సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, ఎండలోకి వెళ్తే భగ్గుమంటుంది. చూడ్డానికి అచ్చం లూపస్. అప్పుడు ఎవరో ఏఎన్ఏ టెస్టు రాస్తారు, అంటే మన కణాల మీదే తిరగబడే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయా అని చూసే పరీక్ష.

ఈ ఏఎన్ఏ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే సగం టెన్షన్ దీనివల్లే. అది పాజిటివ్ వచ్చినంత మాత్రాన లూపస్ ఉన్నట్టు కాదు. ఏ జబ్బూ లేని మనుషుల్లో చూసినా 1:80 దగ్గర, అంటే రక్తాన్ని 80 రెట్లు పలచన చేసి చూసినా, నూటికి 13 మందికి పాజిటివ్ వస్తుంది, 1:160 దగ్గర కూడా అయిదుగురికి వస్తుంది. ఈ హాల్లో మనం వందమంది దాకా ఉన్నాం, లెక్క వేసుకోండి. లూపస్ ఉన్నవాళ్లకి ఇది దాదాపు అందరికీ పాజిటివ్‌గానే ఉంటుంది, అందుకని నెగిటివ్ వస్తే లూపస్ చాలావరకు కాదని చెప్పడానికి పనికొస్తుంది, అంతే. అలాంటి క్రీము వాడిన ఒక పిల్లకి బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, ఏఎన్ఏ కొద్దిగా పాజిటివ్ వచ్చింది, నెట్‌లో చూసుకుంది, మూడు రోజులు అన్నం తినలేదు. వాళ్లమ్మ పెళ్లి సంబంధం ఆపేసింది. నేను చేసింది ఏమీ లేదు, ట్యూబు తెమ్మన్నాను, వెనక్కి తిప్పి ఆ చిన్న అక్షరాలు చదివాను.

లూపస్‌లోనే డిస్కాయిడ్ అని ఇంకో రకం మచ్చ ఉంది. గుండ్రంగా, గట్టిగా, పైన పొట్టు అంటుకుని, చుట్టూ నల్లటి అంచుతో, నడుమ తెల్లగా పల్లంగా ఉంటుంది. చెవి దొప్ప లోపల తప్పకుండా చూడాలి, అక్కడ దాక్కుంటుంది. తలలో వస్తే జుట్టు ఊడి పేనుకొరుకుడు అనుకుంటారు. ఉల్లిపాయ రుద్దుతారు, ఇంకా ఏవేవో రుద్దుతారు. పేనుకొరుకుడులో చర్మం నున్నగా, మామూలు రంగులో ఉంటుంది, చాలామందికి జుట్టు మళ్లీ వస్తుంది. డిస్కాయిడ్‌లో చర్మం మాడినట్టు, గుంట పడ్డట్టు ఉంటుంది, ఆ మచ్చ ముదిరిందంటే అక్కడ వెంట్రుక మొలిచే రంధ్రమే ఉండదు, ఇక జుట్టు రాదు. వీళ్లలో చాలామందికి జబ్బు చర్మంతోనే ఆగిపోతుంది, కొద్దిమందికే లోపలికి వెళ్తుంది. కానీ జుట్టు పోయాక నేను తెచ్చివ్వలేను కాబట్టి దీనికి తొందర కావాలి. పొగ తాగితే ఇది ఇంకా ముదురుతుంది.

పొగ అన్నాను కాబట్టి, నోరు తెరిపించి అంగిలి చూడటం మాకు అలవాటు. లూపస్ పుండు ఎక్కువగా అక్కడే వస్తుంది, నొప్పి ఉండదు, అందుకని మనిషికి తెలియదు. మిగతా చోట్ల డాక్టర్లకి ఇది తేలిక. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మలున్నారు, వాళ్ల అంగిలి చూస్తే తెల్లగా మందంగా, మధ్యలో ఎర్ర చుక్కలతో వేరే కథ చెప్తుంది. అక్కడ పుండు కనబడితే లూపస్ అని నేను ఊరుకోను, ముక్క తీసి పరీక్షకి పంపిస్తాను, క్యాన్సరు భయం దానికి ఎక్కువ.

ఎండ నుంచి కాపాడుకోవడం. అడుగుతారు కదా ఏ సన్‌స్క్రీన్ మేడం అని. ఎస్పీఎఫ్ 30 కానీ పైన కానీ ఏదైనా ఫర్వాలేదు, మొహానికి, మెడకి కలిపి రెండు వేళ్ల పొడుగునా పిండుకోవాలి, రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. అలా రాస్తే ట్యూబు ఎన్ని రోజులొస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వారం కూడా రాదు. అందుకే నేను ముందు బట్ట గురించి చెప్తాను. కూలికెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుని తలకి తువ్వాలు చుట్టుకుంటారు చూడండి, వాళ్లకి ఎవరు నేర్పారో గానీ ఆ చొక్కాని మించిన సన్‌స్క్రీన్ నేను చూడలేదు. పట్నంలో ఉండి స్లీవ్‌లెస్ వేసుకుని నాలుగొందల ట్యూబు బఠాణీ గింజంత రాసుకునేవాళ్ల కన్నా వాళ్లే నయం. ఇంకోటి, బస్సులో, కారులో అద్దం వేసుకుంటే చాలనుకోకండి, అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం మామూలు అద్దంలోంచి లోపలికి వస్తుంది.

మందు హైడ్రాక్సీక్లోరోక్విన్. కరోనా మొదట్లో, 2020లో, అందరూ ఎగబడి కొనేసిన ఆ మాత్రే. ఆ కొన్ని వారాలు మావాళ్లు దానికోసం షాపు షాపూ తిరిగారు, అది నేను మర్చిపోలేను. చర్మానికి, కీళ్లకి, జబ్బు మళ్లీ తిరగబడకుండా ఉండటానికి అదే పునాది. మోతాదు మాత్రం బరువుని బట్టి, కిలోకి రోజుకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు. మన ఆడవాళ్లు చాలామంది 45 కిలోలు ఉంటారు, రోజూ 400 వేసుకుంటే ఎక్కువైపోతుంది. కళ్లు పాడవుతాయని ఎవరో చెప్తే భయపడి మానేస్తారు. మానకండి, మొదలుపెట్టిన ఏడాదిలోపు ఒకసారి కంటి పరీక్ష, అయిదేళ్లు నిండాక ఏటా ఒకసారి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఇంకా ముందు నుంచే. మోకాలి కింద నీలంగా మచ్చలు పడితే అది ఈ మాత్ర వల్ల కావచ్చు, కంగారుపడి ఇంకో క్రీము కొనకండి.

ఇప్పుడు అందరూ పిడికిలి బిగించండి. నిజంగానే బిగించండి, చూస్తున్నాను. ఎత్తుగా లేచిన కణుపులు ఉన్నాయి కదా, వేలి పొడుగునా వాటి మధ్యలో చదునైన చోట్లు ఉన్నాయి. లూపస్ చేతి మీద వస్తే ఆ చదును చోట్లలో, కణుపుకీ కణుపుకీ మధ్య వస్తుంది, కణుపుని వదిలేస్తుంది. డెర్మటోమయోసైటిస్ అనే ఇంకో జబ్బులో సరిగ్గా తిరగేసి, కణుపు మీదే పడుతుంది, ఊదారంగులో, కొంచెం గట్టిగా, చిన్న చిన్న బుడిపెల్లా. చెయ్యి ఒకటే, అంగుళం తేడా, జబ్బు వేరు. దానితోపాటు కంటి పైరెప్పలు ఉబ్బి వంకాయ రంగు తిరుగుతాయి. మెడ వెనక, భుజాల మీద శాలువా కప్పుకునే చోటంతా నల్లబడుతుంది. తొడలు, భుజాల కండరాలు నీరసిస్తాయి, అంటే నొప్పి కాదు, బలం ఉండదు. జడ వేసుకోలేరు, పీట మీంచి లేవలేరు, బస్సు మెట్టు ఎక్కడానికి ఎవరో చెయ్యి ఇవ్వాలి.

దీని గురించి చెప్పేటప్పుడు నా పొరపాటు ఒకటి చెప్పకుండా ఉండలేను. నేను పీజీ చదివే రోజుల్లో ఒకావిడ వచ్చింది, కుట్టుమిషను కుట్టుకుంటుంది, 50 దగ్గర ఉంటాయి. కళ్లు ఉబ్బాయని అప్పటికే ఎలర్జీ మాత్రలు రెండు నెలలు మింగింది. నేను ఆవిడ చెయ్యి చూసి, కణుపులు చూసి, కండరాలు దెబ్బతిన్నాయా అని రక్తంలో చూసే సీకే టెస్టు రాసి, డెర్మటోమయోసైటిస్ అని పట్టేశాను. మా సారు మెచ్చుకున్నారు. ఆ మెప్పులోనే ఉండిపోయాను. ఈ జబ్బు పెద్దవయసులో వస్తే కొందరికి లోపల ఎక్కడో క్యాన్సరు ఉంటుంది, మొదటి మూడేళ్లు ఆ ముప్పు ఎక్కువ, వెతకాలి, అని పుస్తకంలో చదివినదాన్నే. పొట్ట స్కాను రాయలేదు. మందులకి కండరాలు కుదుటపడ్డాయి, మచ్చలు మాత్రం ఒక పట్టాన తగ్గలేదు, అయినా నాకు తట్టలేదు. ఎనిమిది నెలలకి పొట్ట ఉబ్బి వచ్చింది, అండాశయం క్యాన్సరు. ఆవిడ నన్నేమీ అనలేదు. నాకు ఒక జాకెట్టు గుడ్డ పెట్టి వెళ్లింది, అది ఇప్పటికీ కుట్టించుకోలేదు.

పిల్లల్లో ఈ జబ్బు వస్తే క్యాన్సరు భయం పెట్టుకోనక్కర్లేదు, వాళ్లకి చర్మం కింద సున్నపు గడ్డలు కడతాయి, అందుకని మందు ఆలస్యం చేయకూడదు. డెర్మటోమయోసైటిస్‌లోనే ఇంకో రకం ఉంది, అది వస్తే నాకు నిద్ర పట్టదు, కండరాలు బాగానే ఉంటాయి గానీ అరచేతిలో, వేళ్ల మడతల్లో నొప్పి పుట్టే గడ్డలు, కణుపుల మీద పుళ్లు పడి, వారాల్లో ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఇలాంటి మచ్చలతోపాటు పొడిదగ్గు, ఆయాసం వస్తే రేపు చూద్దాం అనకండి.

స్క్లెరోడెర్మా. ఇది మా ఇంటి కథ. మా మేనత్తకి మొదట చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. రబీ నాట్లకి తెల్లవారి చల్లటి మడిలో చెయ్యి పెడితే వేళ్లు సున్నంలా తెల్లబడి, తర్వాత నీలం తిరిగి, ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కాచుకుంటే ఎర్రగా మారి మండేవి. ఇది 1862లో రేనో అనే ఫ్రెంచి వైద్యుడు రాసిన లక్షణమే, ఆయన పేరే పెట్టారు. చాలామంది ఆడపిల్లలకి ఏ జబ్బూ లేకుండా ఇది ఉంటుంది, అరకు వెళ్తే చాలు వేళ్లు తెల్లబడతాయి, భయం లేదు. మా అత్తకి అక్కడితో ఆగలేదు. మెడ మీద, రొమ్ము పైన తెల్లటి మచ్చలు పడ్డాయి, ఊరంతా బొల్లి అన్నారు. ఏదో పసరు రాశారు. కూతురికి వచ్చిన సంబంధం ఒకటి తప్పిపోయింది, బొల్లి ఇల్లట.

నేను చదువులో పడ్డాక సెలవులకి వెళ్లి ఆ మచ్చని దగ్గర నుంచి చూశాను. తెల్లటి చర్మం మీద ప్రతి వెంట్రుక మొదట్లో ఆవగింజ పెట్టినట్టు నల్లటి చుక్క, వరసగా. ఉప్పూ మిరియాలూ కలిపి చల్లినట్టు అంటాం మేము. మామూలు బొల్లి పలకలో తెలుపు ఏకంగా ఉంటుంది, నయమయ్యేటప్పుడు వెంట్రుకల దగ్గర చుక్కలు లేచినా ఆ చర్మం మెత్తగానే ఉంటుంది. మా అత్త చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకోబోతే పట్టు దొరకలేదు, ఎముకకి అతికినట్టుంది. వేళ్లకున్న ఉంగరం ఎప్పుడో కోయించేశారట. నోరు చిన్నదై ముద్ద పెద్దది పట్టడం లేదట, "పళ్లు ఊడుతున్నాయి కదా, అందుకే" అంది. అది బొల్లి కాదండీ. అప్పటికి ఊపిరితిత్తులు కొంత గట్టిపడ్డాయి. అన్నట్టు, బొట్టుబిళ్ల జిగురు పడక నుదుటి మీద సరిగ్గా బిళ్లంత తెల్ల మచ్చ పడుతుంది కొందరికి, అది మళ్లీ వేరు, బిళ్ల మానేసి కుంకుమ పెట్టుకోండి చాలు.

స్క్లెరోడెర్మా ఉన్నవాళ్లు రెండు గుర్తుపెట్టుకోండి. చేతి వేళ్లకి మాత్రమే కాదు, ఒళ్లంతా వెచ్చగా ఉంచాలి, నడుము చల్లబడితే వేళ్లు తెల్లబడతాయి. ఇంట్లో బీపీ మిషను ఉంచుకోవాలి. ఎప్పుడూ 110 ఉండే బీపీ ఒక్కసారిగా 160 అయితే, తలనొప్పి ఉన్నా లేకున్నా, ఆ రోజే డాక్టర్ని కలవాలి, కిడ్నీ మీదికి వచ్చి ఉండొచ్చు, సరైన మందు వెంటనే పడితే కాపాడొచ్చు. ఒళ్లు నొప్పులని ఆర్ఎంపీ దగ్గర స్టెరాయిడ్ సూది, మాత్రలు ఎక్కువ మోతాదులో వాడితే ఈ ముప్పు పెరుగుతుంది, అందుకని "నాకు స్క్లెరోడెర్మా ఉంది" అని ముందే చెప్పండి.

కాళ్ల మీద ఎర్ర చుక్కలు వచ్చినప్పుడు గాజు గ్లాసు తీసుకుని దాని మీద నొక్కి, గాజులోంచి చూడండి. నొక్కితే మాయమైతే దద్దుర్లు, మాయం కాకపోతే రక్తం నాళం దాటి చర్మంలోకి కారింది. తాకితే గరుకుగా ఎత్తుగా తగిలితే వాస్కులైటిస్ అనుకుంటాం. చిన్నపిల్లలకి కాళ్లకి, పిర్రల మీద ఇవి వచ్చి, కడుపు నొప్పి, కీళ్లు వాయడం ఉంటే చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, కానీ ఆరు నెలలపాటు మూత్రం పరీక్ష చేయిస్తూ ఉండాలి, కిడ్నీ సంగతి మచ్చ పోయాక బయటపడుతుంది. జ్వరంతోపాటు ఇలాంటి చుక్కలుంటే గ్లాసు పక్కన పెట్టి ఆస్పత్రికి పరిగెత్తండి, అది డెంగీ కావచ్చు, మెదడు పొరలకి సోకిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు.

సోరియాసిస్ గురించి గంట మాట్లాడొచ్చు, ఇవాళ ఒక్కటే. నూటికి ముప్ఫైమంది దాకా వాళ్లకి కీళ్లు కూడా పడతాయి. వేలు మొత్తం సాసేజీలా వాస్తుందని పుస్తకాల్లో ఉంటుంది, మనం అరటికాయలా అందాం. కీళ్ల నొప్పితో వచ్చినవాళ్లని నేను బొడ్డు చూపించమంటే విచిత్రంగా చూస్తారు, బొడ్డులో, పిర్రల చీలికలో, చెవి వెనక చిన్న పొట్టు దాగి ఉంటుంది, గోళ్ల మీద గుండుసూదితో పొడిచినట్టు గుంటలుంటాయి.

కుష్ఠు మాట ఎత్తకుండా మన దేశంలో ఈ సబ్జెక్టు పూర్తవదు. కుష్ఠు ఉన్నట్టుండి రేగితే, దాన్ని రియాక్షన్ అంటాం, అందులో జ్వరం, కీళ్ల వాపు, నొప్పి పుట్టే గడ్డలు వస్తాయి, ఏఎన్ఏ కూడా పాజిటివ్ రావచ్చు, లూపస్ అని స్టెరాయిడ్ పెట్టేస్తారు. దూది పోగుతో మచ్చ మీద తాకి స్పర్శ తెలుస్తోందా అని అడగడం, మోచేతి వెనక నరం తాడులా లావెక్కిందా అని తడమడం, రెండు నిమిషాల పని. నేను ఇప్పటికీ చేస్తాను.

సరే, ప్రశ్నలు అడగండి.

(లూపస్ ఉన్న అమ్మాయికి పెళ్లి చేయొచ్చా అని ఒక తల్లి అడిగారు.)

చేయొచ్చమ్మా. పిల్లల్నీ కనొచ్చు. జబ్బు ఆరు నెలలుగా నెమ్మదిగా ఉండాలి, వాడుతున్న మందుల్లో కడుపులో బిడ్డకి పడనివి ముందే మార్చుకోవాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం కడుపుతో ఉన్నప్పుడు ఆపకూడదు. తల్లికి యాంటీ రో అనే యాంటీబాడీ ఉందో లేదో చూస్తాం. ఉంటే నూటికి ఇద్దరు బిడ్డల దాకా గుండె కొట్టుకునే లయ దెబ్బతింటుంది, అందుకని 16 నుంచి 26 వారాల మధ్య గుండె స్కాన్లు చేయిస్తాం. కొందరు పసిపిల్లలకి కళ్ల చుట్టూ కళ్లజోడు పెట్టినట్టు ఎర్రటి మచ్చలు వస్తాయి. తల్లి యాంటీబాడీలు బిడ్డ ఒంట్లోంచి పోయేసరికి, ఆరు నుంచి ఎనిమిది నెలల్లో, అవీ పోతాయి. దిష్టి తగిలిందని కాటుక పూసి దాచకండి. అబ్బాయివాళ్లకి చెప్పే పెళ్లి చేయండి. దాచిపెట్టి చేస్తే అత్తారింట్లో మాత్ర చాటుగా మింగాలి, చాటుగా మింగే మాత్ర ఎన్నాళ్లో సాగదు, అలా మానేసి వచ్చినవాళ్లని చాలామందిని చూశాను.

(పసుపు రాసుకోవచ్చా అని ఇంకొకరు.)

రాసుకుంటే పెద్దగా కీడు లేదండీ. నాకే కష్టం. పసుపు మొహం మీద ఎరుపు తెలియదు. నా దగ్గరికి వచ్చే రోజు మాత్రం రాసుకోకండి, పౌడరు కూడా వద్దు.

ఇంక టైమయింది. వెనక ఆ బల్ల దగ్గర నేను చిన్న లెన్సు పెట్టుకుని కూర్చుంటాను. గోరు మొదట్లో చర్మం మీద కొబ్బరి నూనె చుక్క వేసి చూస్తే సన్నటి రక్తనాళాలు తలపిన్నులు వరసగా గుచ్చినట్టు కనబడతాయి, స్క్లెరోడెర్మాలో, డెర్మటోమయోసైటిస్‌లో అవి ఉబ్బి, మధ్యమధ్యలో ఖాళీలు పడతాయి. చలికి వేళ్లు తెల్లబడేవాళ్లు ముందు రండి. ఉంగరం వేలు, పక్కన చిటికెన వేలు చూస్తాను. గోళ్లరంగు ఉంటే గోరు మొదలు సరిగ్గా కనబడదు, సిస్టర్ దగ్గర రిమూవరు ఉంది. గోరింటాకు పండినవాళ్లకి మాత్రం ఇవాళ చూడలేను, అది దిగాక రండి.